మిగిలిపోయిన పాత్రను ఆడపిల్లకి అంటగట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కుర్రకారు ఆడుతున్న కథల ఆటల మీద, ముఖ్యంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మా ఇంటి వసారాలో మూడేళ్ల పైనుంచి సాగుతున్న ఆట గురించి తెలుగు పేపర్లో చూడటం ఎంతో సంతోషం అనిపించింది. అయితే ఆటగాళ్లకి నచ్చని క్లాసుల (అంటే పాత్రల రకాల) గురించి చెబుతూ క్లెరిక్ దగ్గరికి వచ్చేసరికి, గాయాలు మాన్పే పాత్ర కాబట్టి ఎవరూ తీసుకోరని, చివరికి మిగిలినవాళ్లకి ఇస్తారని ఒక్క ముక్కలో ముగించారు. అది అబద్ధం కాదు. చాలాచోట్ల అలాగే జరుగుతోంది. అలా జరగడం మామూలే అన్నట్టు రాసేశారే అన్నదే నా బాధ.

నేను 34 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. రాజోలు దగ్గర ఏటిగట్టుని ఆనుకుని మా ఊరు. ఆటలో నాది క్లెరిక్ పాత్రే.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఒకరు కథ నడుపుతారు, వారిని డీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఆ పాత్ర చేతనైన పనిని బట్టి దాని క్లాసు ఉంటుంది. కత్తి పట్టేవాడు ఫైటర్, మంత్రాలు చదువుకున్నవాడు విజర్డ్, తాళాలు తీసేవాడు రోగ్, ఇలా 2014 నాటి పుస్తకంలో 12 క్లాసులు ఉన్నాయి. తలచుకున్న పని అయ్యిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక చెబుతుంది. అష్టాచెమ్మాలో లాగా పండటం, ఓడిపోవడం ఉండవు. అందరూ ఒకే జట్టు.

నేను ఇందులోకి వచ్చింది 2022 జూలై వరదల్లో. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. వశిష్ఠ మా గట్టు అంచుదాకా వచ్చి నిలబడింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అక్క కొడుకు చూడటానికని వచ్చి ఇరుక్కుపోయాడు. కరెంటు లేదు, ఫోన్లకి సిగ్నల్ లేదు. పక్కింటి కుర్రాడు రొయ్యల చెరువు మీద మేత లెక్కలు చూస్తాడు. చెరువు గట్టు తెగి రొయ్యలన్నీ ఏట్లో కలిసిపోయాయని రెండు రోజులు అన్నం ముట్టలేదు. వాడిని కాస్త మళ్లించడానికే మావాడు బ్యాగులోంచి పాచికలు బయటికి తీశాడు. ఆ కుర్రాడు అడవుల్లో దారి చూపే రేంజర్ కావాలన్నాడు, వాడి తమ్ముడు ఫైటర్, ఎదురింటి మాస్టారి అబ్బాయి రోగ్. "గాయాలు మాన్పేవాళ్లు ఎవరూ లేరు. పిన్నీ, నువ్వు నర్సువి కదా, క్లెరిక్ నీకు సరిగ్గా సరిపోతుంది" అన్నాడు మావాడు. నాకేం తెలుసు, సరే అన్నాను. ఎమర్జెన్సీ లైటు మధ్యలో పెట్టుకుని, హిట్ పాయింట్లు, అంటే పాత్రకి ఎంత ప్రాణం మిగిలిందో, లెక్కపెట్టుకోవడానికి చింతపిక్కలు కుప్పలు పోసుకుని మొదలుపెట్టాం.

ఆ రాత్రి ఫైటర్ పడిపోయాడు. ఈ ఆటలో హిట్ పాయింట్లు సున్నాకి వచ్చినా వెంటనే ప్రాణం పోదు. వంతు వచ్చినప్పుడల్లా 20 ముఖాల పాచిక వేయాలి. 10 గానీ ఆ పైన గానీ పడితే మంచి గుర్తు, తక్కువ పడితే చెడ్డ గుర్తు. మూడు మంచివి ముందొస్తే గండం గడిచినట్టు, మూడు చెడ్డవి ముందొస్తే పోయినట్టు. 1 పడితే ఒకేసారి రెండు చెడ్డ గుర్తులు. 20 పడితే ఒక హిట్ పాయింటుతో లేచి కూర్చుంటాడు. ఆ పిల్లాడికి అప్పటికే రెండు చెడ్డవి పడ్డాయి. ఆట సాగేకొద్దీ పాత్రలు ఒక్కో లెవెల్ పెరుగుతాయి. మొదటి లెవెల్ క్లెరిక్‌కి రోజుకి రెండు మంత్రాలకే శక్తి ఉంటుంది, నేను ఒకటి వాడేశాను. ముట్టుకుని మాన్పే క్యూర్ వూండ్స్ వేద్దామంటే మధ్యలో శత్రువులు. అప్పుడు మావాడు కాగితం మీద వేలు పెట్టి చూపించాడు, హీలింగ్ వర్డ్ అని. 60 అడుగుల దూరం నుంచి ఒక్క మాటతో మాన్పవచ్చు. నాలుగు ముఖాల పాచిక వేసి, దానికి నా పాత్రకి ఉన్న మూడు పాయింట్లు కలిపితే ఐదు వచ్చింది. వాడి ముందు ఐదు చింతపిక్కలు పెట్టాను. నవ్వుతూ లేచి కూర్చున్నాడు. వార్డులో రాత్రి డ్యూటీలో, ఇక లాభం లేదనుకున్న మనిషి తెల్లారి కాఫీ అడిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ రోజు మా వసారాలో అలాగే అనిపించింది.

కానీ నెల తిరిగేసరికి నాకూ విసుగు పుట్టింది. ఎందుకో వివరంగా చెబుతాను, మీ వ్యాసం వదిలేసింది దీన్నే. వెనకాల మాన్పేవాళ్లు ఉన్నారని తెలిశాక మిగతావాళ్లు ఒళ్లు కాచుకోవడం మానేశారు. తలుపు వెనక ఏముందో చూడకుండానే దూరేవారు. దెబ్బ తగలగానే "పిన్నీ, హీల్!", "ఆంటీ, హీల్!" అని కేకలు. నా వంతు వస్తే నేనేం చేయాలనుకుంటున్నానో అడిగేవారు లేరు. ఎవరికి ఎన్ని పాయింట్లు కావాలో వాళ్లే చెప్పేసేవారు. గొడవ ముగిశాక రాక్షసుణ్ణి చంపిన దెబ్బ గురించి గంటసేపు మాట్లాడుకునేవారు. ఆ దెబ్బ కొట్టినవాడు మూడుసార్లు పడి మూడుసార్లు లేచాడన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. కూరలో కరివేపాకు సంగతే నాదీనూ. నేను పని చేసిన రోజుల్లో ఒక ఆసుపత్రిలో 40 మంచాలకి రాత్రిపూట ఒక్కదాన్నే ఉండేదాన్ని. తగ్గి ఇంటికెళ్లేవాళ్లు దండం పెట్టేది డాక్టరు గారికే. దానికి నేనెప్పుడూ బాధపడలేదు, అది జీతం తీసుకుని చేసిన పని. ఆదివారం సాయంత్రం ఆడుకోవడానికి కూర్చున్నప్పుడు కూడా అదే అయితే కష్టంగా ఉంటుంది.

అప్పుడే మావాడి దగ్గర పుస్తకాలు అడిగి చదివాను, ఆట పుట్టుక గురించి తెలుసుకున్నాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను మొదటిసారి అచ్చు వేసినప్పుడు ఉన్నవి మూడే క్లాసులు. కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, క్లెరిక్. అంతకుముందు ఆర్నెసన్ నడిపిన ఆటలో ఒకాయన రక్తపిశాచి అయ్యి ఎవరికీ లొంగకుండా పోతే, ఆయన్ని ఎదిరించడానికి పుట్టిన పాత్ర క్లెరిక్. కవచం వేసుకుని, గద పట్టుకుని, శవాలు లేచి వస్తుంటే ఎదురు నిలబడి వెనక్కి తరిమేవాడన్నమాట. ఆ మొదటి పుస్తకంలో మొదటి లెవెల్ క్లెరిక్‌కి మంత్రాలే లేవు. గాయం మాన్పడం ఆ లెవెల్లో వాడికి రానే రాదు! అలాంటి పాత్రను పట్టుకుని, ఇది వెనకాల కూర్చుని కట్లు కట్టడానికే అని మనం తేల్చేశాం.

తరవాతి ఆదివారం ఆట మొదలవక ముందే చెప్పాను. ఈరోజు గాయాలు అయ్యాక చూడటం కాదు, అవ్వకుండా చూస్తాను అని. బ్లెస్ అనే మంత్రం ఉంది. ముగ్గురి మీద వేయొచ్చు. వాళ్లు వేసే ప్రతి దెబ్బకి, తప్పించుకోవడానికి వేసే ప్రతి పాచికకి నాలుగు ముఖాల పాచిక అదనంగా కలుస్తుంది. పడిపోయినప్పుడు ప్రాణం కోసం వేసే పాచికకి కూడా కలుస్తుంది. నా మనసు దాని మీదే నిలపాలి, నాకు దెబ్బ తగిలితే మంత్రం చెదిరిపోవచ్చు. అంటే ఇప్పుడు వాళ్లు నన్ను కాపాడాలి. ఆ రోజు ఒక్కరు కూడా పడలేదు. "ఇవాళ నీకు పనే లేకుండా పోయిందే పిన్నీ" అన్నాడు ఫైటర్ కుర్రాడు, నిజంగానే జాలిపడుతూ.

ఆ మాట వినగానే నాకు 1996 గుర్తొచ్చింది. నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. కొబ్బరి చెట్లు మొవ్వులు విరిగి వరసగా పడి ఉన్నాయి, నూతుల్లో ఏ నీళ్లున్నాయో తెలియదు. తరవాతి రోజుల్లో మా పని ఇంజెక్షన్లు కాదు. నూతుల్లో బ్లీచింగ్ పౌడర్ కలపడం, ఇంటింటికీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచడం, నీళ్లు కాచి తాగమని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకోవడం. నేను తిరిగిన ఊళ్లో విరేచనాలతో ఒక్క పసిబిడ్డ కూడా పోలేదు. రాని జబ్బుకి ఎవరూ దండం పెట్టరు. ఆ పిల్లలకి ఇదంతా చెప్పాను. ఆ తరవాత మా వసారాలో కేకలు తగ్గాయి. "పిన్నీ, నీ ప్లాన్ ఏంటి?" అని అడగడం మొదలైంది. క్లాసు మారలేదు, రూల్సు మారలేదు. నేను క్లెరిక్‌ని ఇష్టపడటం అక్కడినుంచే. నాలుగో లెవెల్ దగ్గర కావాలంటే వేరే పాత్రకి మారమన్నాడు మావాడు. నేను మారలేదు.

ఇక మిమ్మల్ని ఈ ఉత్తరం రాసి విసిగించడానికి అసలు కారణం మా తమ్ముడి కూతురు. ఇంటర్ రెండో సంవత్సరం, పాలకొల్లులో ఉంటారు. మా ఇంట్లో ఒకసారి ఆట చూసి, చించినాడ వంతెన దాటేదాకా బస్సులో దాని గురించే మాట్లాడిందట. వాళ్ల వీధిలో నలుగురు మగపిల్లలు ఆడుతున్నారని తెలిసి వెళ్లింది. బార్బేరియన్ తీసుకోవాలని దాని కోరిక. చేతిలో పెద్ద గొడ్డలి, హిట్ పాయింట్లకి 12 ముఖాల పాచిక, కోపం తెచ్చుకుంటే కత్తి దెబ్బలు సగమే తగులుతాయి. దాని పాత్రకి పేరు కూడా నోటు పుస్తకంలో రాసుకుంది. తీరా వెళ్లేసరికి పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ నింపేసి బల్ల మీద పెట్టి ఉంది. క్లెరిక్. "హీలర్ లేకుండా కష్టం, నువ్వు కొత్త కదా, ఇది ఈజీ" అన్నారట. మంత్రాలు కూడా వాళ్లే ఎంచి రాసేశారు, అన్నీ మాన్పేవే.

మూడు వారాలు వెళ్లి మానేసింది. ఫోన్లో అడిగితే "అత్తా, నేను ఆడట్లేదు, వాళ్లు ఆడుతుంటే నేను కూర్చుంటున్నాను" అంది.

ఆ నలుగురూ మంచి పిల్లలే. నేను వెళ్తే కుర్చీ వేస్తారు, మంచినీళ్లు తెస్తారు. చెడ్డ ఉద్దేశంతో చేయలేదని నాకు తెలుసు. నాకు మా అక్క కొడుకు చేసింది కూడా ఇదే కదా. కానీ ఆలోచించండి. గాయాలు చూడటం అనగానే చూపు ఆడమనిషి వైపు తిరుగుతుంది, కొత్తగా వచ్చినవాళ్ల వైపు తిరుగుతుంది. నర్సింగ్ నేను కోరుకుని చదివాను. మా నాన్న టీచర్ ట్రైనింగ్ చేయమంటే నేను ఒప్పుకోక, పట్టుబట్టి మరీ చేరాను. అందుకే 34 ఏళ్లు చేయగలిగాను. ఆ పిల్ల కోరుకున్నది గొడ్డలి. ఊహించుకుని ఆడే ఆటలో కూడా ఆడపిల్ల తనకి నచ్చింది కాలేకపోతే ఇంకెక్కడ అవుతుంది?

అసలు క్లెరిక్ లేకపోతే జట్టు బతకదన్న మాటే తప్పు. పుస్తకం తెరిచి చూస్తే క్యూర్ వూండ్స్ పాటలతో మంత్రం వేసే బార్డ్‌కి ఉంది, ప్రకృతి శక్తులు వాడే డ్రూయిడ్‌కి ఉంది, ధర్మం కోసం కత్తి పట్టే పాలడిన్‌కి, రేంజర్‌కి కూడా ఉంది. పాలడిన్‌కి చేతులతో తాకి మాన్పే శక్తి వేరే ఉంది, లెవెల్‌ని ఐదుతో గుణిస్తే ఎంతొస్తే రోజుకి అన్ని పాయింట్లు. కట్ల పెట్టె ఐదు బంగారు నాణాలకి దొరుకుతుంది. పదిసార్లు వాడుకోవచ్చు, పాచిక వేయనక్కర్లేదు, ఎవరు వాడినా పడిపోయిన మనిషి ప్రాణం నిలుస్తుంది. గాయాలు మాన్పే మందు సీసా 50 నాణాలు. తలా ఒక చెయ్యి వేస్తే ఒక్కరి నెత్తిన రుద్దాల్సిన పని లేదు. మేము ఇప్పుడు ప్రతి ఒక్కరి సంచిలో ఒక కట్ల పెట్టె ఉండాలని నియమం పెట్టుకున్నాం.

మీ వ్యాసంలో చెప్పిన మిగతా క్లాసుల గురించి కూడా కొంచెం రాస్తాను. అన్నీ ఒకే గాటన కట్టడం నాకు సరిగా అనిపించలేదు.

రేంజర్ మీద ఉన్న కోపం న్యాయమైనదే. 2014 పుస్తకంలో రేంజర్ మొదట్లోనే ఒక రకం నేలను ఎంచుకోవాలి. అడవి, తీరం, ఎడారి, చిత్తడి నేల, ఇలా. కథ ఆ నేల మీద నడిస్తేనే ఆ విద్య పనికొస్తుంది. మా రొయ్యల చెరువు కుర్రాడు అందరిలాగే అడవి అని రాసుకున్నాడు. మావాడేమో కథను కోరంగి మడ అడవుల్లాంటి చోట పెట్టాడు. బురద, ఉప్పునీటి పాయలు, నీళ్లలోంచి పైకి లేచిన వేళ్లు. అడవి అన్న మాట ఉన్నా పుస్తకం లెక్కలో అది చిత్తడి నేల. పాపం వాడి విద్య ఒక్కటీ పని చేయలేదు. నాలుగు వారాలు దిగులుగా కూర్చున్నాడు. నిజానికి ఏ పాయలో నీళ్లు ఎంత ఉప్పో, పోటు ఎప్పుడు పెడుతుందో మా అందరిలో వాడికే బాగా తెలుసు. చివరికి మావాడు చిత్తడి నేలగా మార్చుకోనిచ్చాడు. అప్పటినుంచి మమ్మల్ని నడిపించేది వాడే. ఆట తయారు చేసినవాళ్లు కూడా ఈ లోపం తెలుసుకుని 2016లో ఒకసారి మార్పులు చేసి చూశారు, 2020లో వేరే పద్ధతి ఇచ్చారు, 2024 పుస్తకంలో మళ్లీ మార్చారు. ఇది రాత లోపం, రాసి సరిచేయాల్సిందే.

పాలడిన్ విషయం వేరు. 1978 పుస్తకంలో పాలడిన్ అంటే మనిషి జాతివాడే అయ్యుండాలి, ఆకర్షణ పాయింట్లు 17కి తగ్గకూడదు, ధర్మం తప్పి తెలిసి ఒక్క చెడ్డ పని చేస్తే శక్తులు శాశ్వతంగా పోతాయి, చెడ్డవాళ్లతో కలిసి తిరగకూడదు. అలాంటి పాత్ర పట్టినవాడు తోటివాళ్లకి హెడ్మాస్టర్ అయిపోతాడు మరి. ఆ షరతులు ఎప్పుడో పోయాయి, అలవాటు మాత్రం కొందరిలో మిగిలింది.

దొంగ సంగతి నాకు స్వయంగా తగిలింది. మా రోగ్, అంటే మాస్టారి అబ్బాయి, సరదా అనుకుని మా మూటల్లోంచే దొంగిలించేవాడు. ఐదో లెవెల్లో క్లెరిక్‌కి రివివిఫై వస్తుంది. చనిపోయి ఒక్క నిమిషం దాటకపోతే మనిషిని లేపవచ్చు, కానీ 300 బంగారు నాణాల విలువైన వజ్రం ఖర్చవుతుంది. ఆరు వారాలు కూడబెట్టి కొన్నాను. వాడు దాన్ని తీసి సంతలో అమ్మేశాడు. మరుసటి ఆదివారం ఫైటర్‌కి మూడో చెడ్డ గుర్తు పడింది. మంత్రం ఉంది, చేతిలో వజ్రం లేదు. మూట విప్పి చూసి నేనేమీ అనలేదు, ఎవరూ అనలేదు. ఆ అబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ తరవాత వాడు మా దగ్గర దొంగిలించలేదు, అయినా రోగ్‌గానే ఉన్నాడు. తాళాలు, బోనులు అన్నీ వాడి చేతుల మీదే. 1975లో ఈ క్లాసును ఆటలోకి తెచ్చినవాళ్లు తోటివాళ్ల మూటలు విప్పమని తేలేదు.

బార్డ్‌ని తీసిపారేయడం మాత్రం తెలుగువాళ్లం చేయకూడని పని. యుద్ధంలో పాటలేమిటి అంటారు. మా ఆటలో బార్డ్‌గా చేరిన అమ్మాయి వాళ్ల తాతగారు బుర్రకథలో వంత చెప్పేవారు. కథకుడు తంబురా పట్టుకుని మధ్యలో, అటూ ఇటూ ఇద్దరు వంతలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. తెల్లవార్లూ ఊరంతా కదలకుండా కూర్చునేది. ఆ అమ్మాయి తన వంతు వస్తే "తందాన" అని అందుకుంటుంది, మేమందరం వంత పాడతాం. ఆ ఊపులో జట్టులో ఒకరికి అదనంగా ఒక పాచిక ఇస్తుంది, వాడు కావాల్సినప్పుడు కలుపుకోవచ్చు. 1978 నాటి రూల్సులో బార్డ్ కావాలంటే ముందు ఫైటర్‌గా, తరవాత దొంగగా కొన్ని లెవెళ్లు గడిపి రావాలి. అంత పెద్ద చదువు దానిది.

కాబట్టి అయ్యా, మీకు ఒక మనవి. ఈ ఆటల గురించి మళ్లీ రాసినప్పుడు, ఏ క్లాసు ఎవరికి నచ్చదు అన్నదానితో పాటు ఆ క్లాసు ఎవరి చేతిలో పెడుతున్నారో కూడా రాయించండి. ఆడే పిల్లలకి, డీఎంలకి నా మనవి ఇంకోటి. మొదటి రోజు అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే పాత్రలు రాసుకోండి. కొత్తగా వచ్చినవాళ్లని ముందు అడగండి. ఎవరూ క్లెరిక్ తీసుకోకపోతే వదిలేయండి, కట్ల పెట్టెలు కొనుక్కోండి.

మా తమ్ముడి కూతురు ఇప్పుడు రెండు వారాలకోసారి పాలకొల్లు నుంచి మా ఇంటికి వస్తోంది. గొడ్డలి తీసుకుని అందరికంటే ముందు దూకుతుంది. దాని మీద బ్లెస్ వేసేది నేనే.

వచ్చే వేసవిలో మా శాఖా గ్రంథాలయంలో పిల్లల శిబిరం పెడితే రెండు రోజులు ఈ ఆట నేర్పిస్తానని లైబ్రేరియన్ గారికి చెప్పాను, సరే అన్నారు. మావాడు 12 క్లాసుల కాగితాలు తెలుగులో రాసి పంపిస్తానన్నాడు. వాటిని బల్ల మీద వరసగా పరుస్తాను. అందరిలోకి చిన్నపిల్ల ఎవరైతే ఆ పిల్ల ముందు ఎంచుకుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
రాజోలు దగ్గర, కోనసీమ.